అమ్మాయి రాజకీయాల్లోకి వెళ్తానంటోంది, అదీ సీడీయూలోకి

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది గుంటూరు జిల్లా, ఇరవై ఏళ్ళ పైనుంచి జర్మనీలో బాడెన్ వైపు ఉంటున్నాం. మా పెద్దమ్మాయి ఫ్రైబుర్గ్‌లో లా మూడో ఏడు చదువుతోంది, జర్మన్ పాస్‌పోర్టు తీసుకుంది. రెండేళ్ళ కింద ఇక్కడి క్రిస్టియన్ డెమోక్రాట్ల పార్టీ సీడీయూ వాళ్ళ యువ విభాగం యుంగె ఉనియోన్‌లో చేరితే సరదాకేలే అనుకున్నాం. ఇప్పుడేమో చదువు ఆపేసి బెర్లిన్‌లో ఒక ఎంపీ ఆఫీసులో ఉద్యోగానికి పోతా, తర్వాత నేనే ఎంపీ అవుతా అంటోంది. ఏమన్నా అంటే ఆ పార్టీ పెద్దాయన షోయ్‌బ్లెని చూడు నాన్నా, యాభై ఏళ్ళు ఎంపీగా ఉన్నాడు అంటుంది. అంత చేసి చాన్సలర్, అంటే ఇక్కడి ప్రధాని, కూడా అవ్వలేదు, అదేం కెరీర్ అన్నాను నేను. అప్పట్నుంచి ఇంట్లో మాటల్లేవు. పైగా అది మన ఇండియన్స్‌ని రావద్దన్న పార్టీ కదా. ఎలా ఆపాలో చెప్పండి. ఇంకొకటి, నాది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, ఊళ్ళో పొలం ఉందని మార్చుకోలేదు. రేపు అది నిజంగానే నిలబడితే నేను ఓటు వెయ్యొచ్చా? – ఒక తండ్రి

సమాధానం:

అన్నయ్య గారూ, ఎలా ఆపాలి అని అడిగి ఆ వెంటనే ఓటు వెయ్యొచ్చా అని అడిగారు చూడండి, అక్కడ నాకు నవ్వొచ్చింది, కాస్త ధైర్యం కూడా వచ్చింది. మీరు ఆపరు. ఆ ఓటు సంగతి చివర్లో చెప్తా, ముందు షోయ్‌బ్లె సంగతి చూద్దాం, ఎందుకంటే తండ్రీకూతుళ్ళు ఇద్దరూ ఒకే మనిషిని చూపించి పోట్లాడుకుంటున్నారు, ఇద్దరూ ఆయన్ని సగమే చూశారు. అమ్మాయికి యాభై ఏళ్ళు కనపడుతున్నాయి, మీకేమో దక్కని కుర్చీ కనపడుతోంది.

మీరుండేది బాడెన్ వైపే కాబట్టి ఆయన ఊళ్ళు మీకు తెలిసే ఉంటాయి. వోల్ఫ్‌గాంగ్ షోయ్‌బ్లె 1942 సెప్టెంబర్ 18న ఫ్రైబుర్గ్‌లోనే పుట్టాడు, పెరిగింది బ్లాక్ ఫారెస్ట్‌లో హోర్న్‌బెర్గ్ అనే చిన్న ఊళ్ళో, తండ్రి ట్యాక్స్ సలహాదారు, యుద్ధం అయ్యాక కొన్నాళ్ళు బాడెన్ రాష్ట్ర శాసనసభలో సభ్యుడు కూడా. అంటే రాజకీయం ఇంట్లో అన్నం తింటూ విన్నవాడే, మీ అమ్మాయికి ఆ సౌకర్యం లేదు, అది గుర్తుపెట్టుకోండి. 1961లో యుంగె ఉనియోన్‌లో చేరాడు. ఎంపీ అయింది 1972లో. మధ్యలో పదకొండేళ్ళు ఏం చేశాడు అనేదే మీ అమ్మాయి చదవాల్సిన పేజీ. ఫ్రైబుర్గ్, హాంబుర్గ్‌లలో లా, ఎకనామిక్స్ చదివాడు, 1966లో మొదటి స్టేట్ ఎగ్జామ్ (లా చదివినవాళ్ళకి సర్కారు పెట్టే పరీక్ష), 1970లో రెండో స్టేట్ ఎగ్జామ్, 1971లో డాక్టరేట్, ఆ తర్వాత ఫ్రైబుర్గ్‌లో ట్యాక్స్ ఆఫీసులో ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళకి ఓఫెన్‌బుర్గ్ నియోజకవర్గంలో నిలబడి గెలిచేసరికి చేతిలో ఒక పూర్తి వృత్తి ఉంది. ఎంపీ అయ్యాక కూడా 1978 నుంచి 1984 దాకా ఓఫెన్‌బుర్గ్‌లో లాయర్‌గా రిజిస్టరై ఉన్నాడు. చదువు ఆపేసి బెర్లిన్ ఎక్కిన మనిషి కాదండీ ఆయన. ఆయన్నే ఉదాహరణగా చూపిస్తే ఆ ఉదాహరణ ఆవిడకే ఎదురు తిరుగుతుంది, కానీ ఈ మాట మీరు చెప్తే గొడవ అవుతుంది, ఈ కాగితం టేబుల్ మీద పెట్టి మీరు వాకింగ్‌కి వెళ్ళండి.

ఇక ఆ ఎంపీ ఆఫీసు ఉద్యోగం. తప్పు ఉద్యోగం అనను, పార్లమెంట్ పనెలా నడుస్తుందో లోపల్నుంచి చూడొచ్చు, నాకు తెలిసిన ఒకమ్మాయి చేసింది, చాలా నేర్చుకుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ ఉద్యోగం ఇచ్చేది పార్లమెంట్ కాదు, ఆ ఎంపీ వ్యక్తిగా ఇస్తాడు, జీతం బుండెస్టాగ్, అంటే ఆ పార్లమెంట్, డబ్బుల్లోంచి వచ్చినా సరే. ఆ సభ కాలం అయిపోతే కాంట్రాక్టూ అయిపోతుంది, ఎంపీ ఓడిపోతే ఈవిడ కూడా ఓడిపోయినట్టే. ఎంపీకైతే నెలకి 11 వేల యూరోల పైన జీతం, దిగిపోయాక ఎన్నేళ్ళు చేస్తే అన్ని నెలలు, గరిష్ఠంగా 18 నెలల దాకా సర్దుబాటు భత్యం వస్తుంది. అది ఎంపీకండీ, ఆఫీసులో మెయిల్స్ రాసే పిల్లకి కాదు. డిగ్రీ లేని 24 ఏళ్ళ పిల్ల బెర్లిన్‌లో అద్దె ఎలా కడుతుందో ఒక్కసారి లెక్క వేసుకోమనండి.

ఈ మధ్య కొత్తగా ఇంకో చిక్కు వచ్చిపడింది. 2023లో ఎన్నికల చట్టం మార్చి సభని 630 సీట్లకి కుదించారు. ఇక్కడ మనిషికి రెండు ఓట్లు కదా, మొదటిది నియోజకవర్గం అభ్యర్థికి, రెండోది పార్టీకి. ఇదివరకు మొదటి ఓట్లలో ముందొస్తే సీటు ఖాయం, ఇప్పుడు ఆ రాష్ట్రంలో పార్టీకి వచ్చిన రెండో ఓట్ల వాటాలో చోటుంటేనే సీటు. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 23 మంది నియోజకవర్గంలో ఫస్ట్ వచ్చి కూడా సభలోకి వెళ్ళలేకపోయారు, వాళ్ళలో ఎక్కువమంది సీడీయూ, బవేరియాలో దాని చెల్లెలి పార్టీ సీఎస్‌యూ వాళ్ళే. గెలిచి ఇంటికి వెళ్ళడం అన్నమాట, మన దగ్గర ఇలా చెప్తే ఎవరూ నమ్మరు. అలాంటి ఎంపీ ఆఫీసులో పిల్లలూ పెట్టెలు సర్దుకోవాల్సిందే.

సరే మరి, షోయ్‌బ్లె యాభై ఏళ్ళు ఎలా ఉన్నాడు? 1972 నుంచి 2021 దాకా పద్నాలుగు ఎన్నికలు, పద్నాలుగుసార్లూ ఓఫెన్‌బుర్గ్ నుంచే, ప్రతిసారీ నేరుగా గెలిచాడు. జర్మనీ పార్లమెంట్ చరిత్రలో అంతకాలం ఉన్న మనిషి ఇంకొకడు లేడు. ఇది ఎందుకు కుదిరిందో అర్థం కావాలంటే మనం ఒక విషయం మర్చిపోవాలి, బీ-ఫామ్. మన దగ్గర టికెట్ అంటే హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఢిల్లీలోనో ఒక గదిలో నిర్ణయం అవుతుంది, నామినేషన్ ఆఖరి రోజు దాకా ఎవరి పేరు మీద వస్తుందో తెలియదు, ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు జెండా మోసినవాడు చూస్తుండగానే పక్క జిల్లా కాంట్రాక్టర్ దిగుతాడు. ఇక్కడ బెర్లిన్ పార్టీ ఆఫీసుకి ఆ హక్కు లేదు. నియోజకవర్గంలో అభ్యర్థి ఎవరో ఆ నియోజకవర్గం పార్టీ సభ్యులో, వాళ్ళు ఎన్నుకున్న ప్రతినిధులో రహస్య ఓటుతో తేల్చాలి, ఇది చట్టం. రాష్ట్ర పార్టీ అభ్యంతరం చెప్పి మళ్ళీ ఓటింగ్ పెట్టించొచ్చు, కానీ ఆ రెండో ఓటింగ్‌లోనూ వాళ్ళు అదే మనిషిని ఎన్నుకుంటే ఇక నోరెత్తడానికి లేదు. అంటే ఎంపీ అవ్వాలనుకునే మనిషికి చాన్సలర్ పరిచయం కన్నా జిల్లా శాఖలో కోశాధికారి పరిచయం ఎక్కువ విలువైంది. శనివారం సంతలో పార్టీ స్టాల్ దగ్గర చలిలో నిలబడటం, కరెంటు స్తంభాలకి పోస్టర్లు కట్టడం, వాలంటీర్ ఫైర్ బ్రిగేడ్ వాళ్ళ ఉత్సవానికి వెళ్ళడం, నెలనెలా పదిమంది కూడా రాని మీటింగులో మినిట్స్ రాయడం. దీన్ని వాళ్ళు ఓక్సెన్‌టూర్ అంటారు, ఎద్దు తిరుగుడు అని. మనకైతే గానుగెద్దు అంటే సరిపోతుంది, తేడా ఏంటంటే ఈ గానుగలో నూనె ఎద్దుకి కూడా కాస్త దక్కుతుంది.

మీ అమ్మాయి బెర్లిన్ వెళ్తే ఈ గానుగ వదిలేసి వెళ్తుంది. నాకున్న పెద్ద అభ్యంతరం అదే, చదువు కన్నా కూడా.

ఎందుకంటే షోయ్‌బ్లె జీవితంలో బెర్లిన్ ఇచ్చిన ప్రతీదీ, అంతకు ముందు పాత రాజధాని బాన్ ఇచ్చిన ప్రతీదీ, ఎవరో ఒకరు వెనక్కి లాక్కున్నారు. ఎంపీగా అడుగుపెట్టిన ఎన్నికల్లోనే పార్టీ ఓడింది, మొదటి పదేళ్ళు ప్రతిపక్షం బెంచీల మీదే. 1982లో హెల్ముట్ కోల్ చాన్సలర్ అయ్యాక దశ తిరిగింది, 1984లో చాన్సలర్ ఆఫీసు మంత్రి, 1989లో హోం మంత్రి. తూర్పు పశ్చిమ జర్మనీలు కలిసే ఒప్పందం పశ్చిమం తరఫున బేరమాడింది ఈయనే, అటువైపు గ్యుంటర్ క్రౌజె. 1990 ఆగస్టు 31న సంతకాలు, అక్టోబర్ 3న దేశం ఒకటైంది. సరిగ్గా తొమ్మిది రోజులకి, అక్టోబర్ 12న, తన నియోజకవర్గంలోనే ఓపెనావ్ అనే ఊళ్ళో ప్రచార సభ ముగించుకుని బయటకి వస్తుంటే మతిస్థిమితం లేని ఒక మనిషి వెనక నుంచి కాల్చాడు. ఒక తూటా వెన్నెముకకి, ఒకటి దవడకి, మూడోది అంగరక్షకుడికి తగిలాయి. నడుం కింద నుంచి కదలిక పోయింది. అప్పటికి 48 ఏళ్ళు, నలుగురు పిల్లలు. డిసెంబర్‌లో ఎన్నికలు, అప్పటికింకా ఒళ్ళు కూడదీసుకుంటూనే ఉన్నాడు, ఓఫెన్‌బుర్గ్ మళ్ళీ గెలిపించింది.

1991 జూన్ 20న రాజధాని బాన్‌లో ఉండాలా బెర్లిన్‌కి మారాలా అని సభలో పన్నెండు గంటలు చర్చ జరిగింది, ఆయన చక్రాల కుర్చీలోంచి బెర్లిన్ కోసం మాట్లాడాడు, మాట్లాడటం అయ్యాక ప్రత్యర్థి పార్టీ పెద్దాయన విల్లీ బ్రాంట్ లేచొచ్చి చెయ్యి కలిపాడు. ఓటింగ్ 338కి 320. పద్దెనిమిది ఓట్ల తేడా. ఆ మాటలే కొంతమందిని అటు తిప్పాయని ఇప్పటికీ అంటారు. ఒక ఎంపీ ప్రసంగం వల్ల నిజంగా ఏదన్నా మారిందా అని ఎవరైనా అడిగితే నేను చెప్పే ఉదాహరణ ఇదొక్కటే, మిగతావి రికార్డు పుస్తకాల కోసం.

ఇక దక్కని కుర్చీ సంగతి, మీ పాయింటు. 1997లో లైప్‌జిగ్ పార్టీ మహాసభలో కోల్ తన వారసుడు షోయ్‌బ్లెనే అని బయటకే చెప్పాడు, చెప్పి 1998లో మళ్ళీ తనే నిలబడ్డాడు, నిలబడి ఓడిపోయాడు. మనింట్లో పెద్దాయన ఆస్తి రాసిస్తా రాసిస్తా అని చివరిదాకా తాళం చెవులు బొడ్లోనే పెట్టుకున్నట్టు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి చాన్సలర్ అవ్వగలడా అనే ప్రశ్న అప్పట్లో అందరూ గుసగుసగా అనుకునేవాళ్ళు, దాన్ని దాచకుండా తనే పత్రికలో ఎత్తాడు, అదీ మొరటు మాటతో. ఓటమి తర్వాత పార్టీ అధ్యక్షుడయ్యాడు, ఆంగెలా మెర్కెల్‌ని ప్రధాన కార్యదర్శిగా పెట్టుకున్నాడు.

ఆ తర్వాత తప్పు చేశాడు. ఇది మీ అమ్మాయి చెప్పి ఉండదు. 1999 చివర్లో సీడీయూ రహస్య విరాళాల కుంభకోణం బయటపడింది, 1999 డిసెంబర్ 2న సభలో కార్ల్‌హైన్జ్ ష్రైబర్ అనే ఆయుధాల దళారి గురించి అడిగితే ఒక విందులో కలిశానంతే అన్నట్టు చెప్పాడు, గ్రీన్స్ ఎంపీ ఒకాయన కూర్చున్నచోటు నుంచి సూట్‌కేస్‌తోనా సూట్‌కేస్ లేకుండానా అని అరిస్తే లేకుండా అన్నాడు. నెల తిరగ్గానే 2000 జనవరి 10న టీవీలో ఒప్పుకోవాల్సి వచ్చింది, 1994లో ఆ మనిషి దగ్గర లక్ష మార్కులు (యూరోకి ముందు జర్మనీ డబ్బు) నగదుగా పార్టీ కోసం తీసుకున్నానని. ఫిబ్రవరిలో పార్టీ అధ్యక్ష పదవి, పార్లమెంటరీ పార్టీ నాయకత్వం రెండూ వదులుకున్నాడు. ఆ అధ్యక్ష కుర్చీలో ఏప్రిల్‌లో మెర్కెల్ కూర్చుంది. కోల్‌తో స్నేహం మళ్ళీ అతకలేదు. 2004లో దేశాధ్యక్షుడు అవ్వాలనుకున్నాడు, మెర్కెల్ వాళ్ళు హోర్స్ట్ కోలర్‌ని పెట్టారు. అదీ పోయింది.

నేనైతే లక్ష మార్కుల సంగతి కొట్టిపారెయ్యను. తన సొంతానికి వాడుకోలేదు అనేవాళ్ళున్నారు, కానీ సభ ముందు నిలబడి నిజంలో సగం మింగెయ్యడం చిన్న విషయం కాదు, ఆ సభనే తర్వాత స్పీకర్‌గా నడిపిన మనిషికి అసలు కాదు.

ఇన్ని కుర్చీలు పోయినా ఓఫెన్‌బుర్గ్ సీటు మాత్రం పోలేదు చూడండి. 2002లో మళ్ళీ గెలిచి మామూలుగా సభలో కూర్చున్నాడు, 2005లో మళ్ళీ హోం మంత్రి, 2009 నుంచి 2017 దాకా ఆర్థిక మంత్రి. తనని దాటుకుని వెళ్ళి చాన్సలర్ అయిన మెర్కెల్ కిందే పన్నెండేళ్ళు పనిచేశాడు. 2010లో యూరో మునిగిపోతోందని బ్రస్సెల్స్‌లో మీటింగుకి వెళ్ళి అక్కడే ఆసుపత్రిలో చేరాడు, ఆ ఏడాది ఆరోగ్యం బాగా దెబ్బతింటే రాజీనామా చేస్తానన్నాడు, మెర్కెల్ వద్దంది. 2014లో కొత్త అప్పు లేని బడ్జెట్ తెచ్చాడు, 1969 తర్వాత అదే మొదటిసారి, దాన్నే ష్వార్జె నల్, నల్ల సున్నా అని పిలిచారు. 2017లో శాఖ వదిలి వెళ్తుంటే ఉద్యోగులంతా నల్ల బట్టలు వేసుకుని ఆఫీసు ఆవరణలో పెద్ద సున్నా ఆకారంలో నిలబడి ఫొటో దిగారు. ఆ సున్నా కోసం వంతెనలు, రైలు పట్టాలు, బడుల మీద ఖర్చు వాయిదా వేశారని తర్వాత చాలామంది తిట్టారు, రైలు ఆలస్యం అయినప్పుడల్లా నేనూ తిట్టుకుంటా. గ్రీస్ వాళ్ళకైతే ఆ పేరు చెప్తేనే మంట, 2015లో ఒక ఐదేళ్ళు యూరో నుంచి బయట ఉండి రండి అనే ఆలోచన ఆయన శాఖ నుంచే వచ్చింది. ఆ గ్రీస్ గడువు గురించే విలేఖర్లతో ఇంగ్లీషులో ఓవర్ అనబోయి మన బాడెన్ యాసలో ఇష్ ఓవర్, అంటే ఇక అయిపోయింది, అన్నాడు, ఆ మాట ఆల్ జర్మనీ ఫేమస్. ఆ యాస దాచుకోలేదు, దాచుకునే అవసరం లేదు, ఆ యాస ఉన్నవాళ్ళే కదా ఓట్లేసేది. 2012లో గ్రీస్ సాయం మీద సభలో చర్చ జరుగుతుంటే ఐప్యాడ్‌లో సుడోకు ఆడుతూ కెమెరాకి దొరికిపోయాడు కూడా, అది మీ అమ్మాయికి చెప్పండి నవ్వుతుంది.

2017 నుంచి బుండెస్టాగ్ అధ్యక్షుడు, అంటే మన స్పీకర్. 2021లో పార్టీ రెండో స్థానానికి పడింది, ఆ పదవి సోషల్ డెమోక్రాట్ల బేర్బెల్ బాస్‌కి వెళ్ళింది, 79 ఏళ్ళ వయసులో మళ్ళీ మామూలు ఎంపీ. 2023 డిసెంబర్ 26న ఓఫెన్‌బుర్గ్‌లో పోయాడు, అప్పటికీ ఎంపీనే.

అన్నయ్య గారూ, ఇందులో చాన్సలర్ అవ్వకపోవడం ఎక్కడో మధ్యలో ఒక ముక్క అంతే. పదవులు కోల్ చేతిలోవి, మెర్కెల్ చేతిలోవి, జనం మూడ్ చేతిలోవి. ఆయన చేతిలో ఉన్నది ఆ ఊళ్ళు ఒక్కటే, ఆ ఒక్కటి ఉంది కాబట్టే పడిన ప్రతిసారీ లేవడానికి చోటు దొరికింది. కొత్త చట్టం వచ్చాక ఆ చోటు కూడా పూర్తి గ్యారంటీ కాదు, అందుకే రెండోది, వృత్తి, ఇప్పుడింకా ముఖ్యం.

వృత్తి అన్నా కాబట్టి ఫ్రీడ్రిష్ మెర్జ్ ముచ్చట ఒక్క నిమిషం. ఈయనా లాయరే, సీడీయూనే, 2002లో మెర్కెల్ పార్లమెంటరీ పార్టీ నాయకత్వం తీసేసుకుంటే 2009లో పార్లమెంటే వదిలేసి వెళ్ళిపోయాడు, లా ఫర్మ్‌లో పనిచేశాడు, అమెరికా పెట్టుబడుల కంపెనీ బ్లాక్‌రాక్ జర్మనీ శాఖ పర్యవేక్షణ బోర్డుకి అధ్యక్షుడిగా ఉన్నాడు, డబ్బు బాగానే సంపాదించాడు. తిరిగొచ్చి పార్టీ అధ్యక్ష ఎన్నికల్లో 2018లో ఓడాడు, 2021 జనవరిలో ఓడాడు, మూడోసారి గెలిచాడు. చివరికి 2025 మే 6న చాన్సలర్ అవ్వడానికి సభలో మొదటి ఓటింగ్‌లో 316 కావాల్సి ఉంటే 310 వచ్చాయి, సొంత కూటమి వాళ్ళే చెయ్యిచ్చారు, అదే రోజు రెండో ఓటింగ్‌లో 325తో గట్టెక్కాడు. వెళ్ళి రాగలిగాడు అంటే చేతిలో పని ఉండబట్టే. డిగ్రీ లేకపోతే వెళ్ళడానికీ లేదు, ఉండటానికీ లేదు, పార్టీ ఏం చెప్తే దానికి తలూపడమే.

ఇండియన్స్‌ని రావద్దన్న పార్టీ అన్నారు. ఆ మాట నాకూ గుర్తుంది, నేను మా ఆయనతో 2001లో వచ్చా, ష్రోడర్ ప్రభుత్వం 2000లో పెట్టిన ఐటీ గ్రీన్‌కార్డు మీదే. ఆ గ్రీన్‌కార్డు మాటలు నడుస్తున్నప్పుడే నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో సీడీయూ అభ్యర్థి యుర్గెన్ ర్యుట్‌గర్స్ ప్రచారం నుంచి కిండర్ స్టాట్ ఇండర్ అనే నినాదం పుట్టింది, ఇండియన్స్ బదులు మన పిల్లల్ని చదివించుకుందాం అని. ఆ ఎన్నిక ఓడిపోయాడు, కానీ ఆ మూడు ముక్కలు మాత్రం మిగిలాయి, వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన నవ్వుతూ అంటే నేనూ నవ్వి ఇంటికొచ్చి ఏడ్చా. షోయ్‌బ్లె కూడా ఈ విషయంలో కడిగిన ముత్యం కాదు, 1999లో రెండు పాస్‌పోర్టులు ఇవ్వొద్దని పార్టీ సంతకాల ఉద్యమం చేసినప్పుడు అధ్యక్షుడు ఆయనే. అదే మనిషి 2006లో హోం మంత్రిగా ముస్లింలని పిలిచి కూర్చోబెట్టి ఇస్లాం కాన్ఫరెన్స్ మొదలుపెట్టాడు, ఇస్లాం జర్మనీలో భాగం అన్నాడు, సొంత పార్టీలో ఎంతమంది ముఖం ముడుచుకున్నా సరే. బాన్ నగరానికి 2015 నుంచి 2020 దాకా మేయర్‌గా ఉన్న అశోక్ శ్రీధరన్ తండ్రి ఇండియా నుంచి వచ్చిన మనిషి, ఆయనా సీడీయూనే. పార్టీ మారిందా అంటే కొంత మారింది, కొంత మారలేదు, అమ్మాయి అక్కడ కూర్చుంటే ఆ మాటలు వినాల్సి వస్తుంది, ఏదో ఒక మీటింగులో నువ్వు అసలు ఎక్కడిదానివి అని అడుగుతారు. దానికి సిద్ధంగా ఉందా అని అడగండి, వెళ్ళొద్దు అని చెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి.

మీరు రాయలేదు గానీ రాత్రిళ్ళు మీకు వచ్చే భయం ఇంకోటి ఉంటుందని నాకు తెలుసు. అది ఉత్త భయం కాదు. ఓపెనావ్ చెప్పాను కదా. 2019 జూన్‌లో సీడీయూకే చెందిన కాసెల్ ప్రాంత పాలనాధికారి వాల్టర్ ల్యుబ్‌కెని శరణార్థుల పక్షాన మాట్లాడాడని ఒక ఫార్ రైట్ ఉగ్రవాది ఇంటి వరండాలోనే కాల్చి చంపాడు. రంగు వేరే ఉన్న ఆడపిల్లకి ఆన్‌లైన్‌లో వచ్చే బూతులు వేరే లెక్క. ఇది ఆవిడతో మాట్లాడండి, అరవకుండా, ఇంటి అడ్రస్ ఎక్కడా పెట్టొద్దు, బెదిరింపు మెసేజ్‌లు డిలీట్ చెయ్యకుండా స్క్రీన్‌షాట్ తీసి పోలీసులకి ఇవ్వు, ఇలాంటివి.

ఏం చెయ్యాలంటే, పార్టీ మానెయ్యమని అస్సలు అనకండి, అన్నారా రేపే బెర్లిన్ ట్రైన్ ఎక్కుతుంది. చదువు పూర్తిచెయ్యమనండి, కనీసం మొదటి స్టేట్ ఎగ్జామ్, వీలైతే రెండేళ్ళ ట్రైనింగ్ చేసి రెండోది కూడా, అప్పుడు జడ్జి, లాయర్, సర్కారు కొలువు అన్ని తలుపులూ తెరిచి ఉంటాయి. ఎంపీ ఆఫీసే కావాలంటే ఎంపీలకి నియోజకవర్గంలో కూడా ఆఫీసు ఉంటుంది, ఫ్రైబుర్గ్ నుంచి రీజనల్ ట్రైన్‌లో వెళ్ళొచ్చే చోట వారానికి కొన్ని గంటలు స్టూడెంట్‌గా చెయ్యొచ్చు, అక్కడైతే పెన్షన్ రాలేదని వచ్చే ముసలమ్మ, బైపాస్ రోడ్డు వద్దని వచ్చే రైతు కనపడతారు, బెర్లిన్‌లో కనపడరు. బెర్లిన్ కావాలంటే సెమిస్టర్ సెలవుల్లో ఇంటర్న్‌షిప్ లాంటి ప్రాక్టికుమ్‌కి పోయి రమ్మనండి, ఆరు వారాలు, ఖర్చు మీరే పెట్టండి.

ఇంకా అసలైంది, 2029లో బాడెన్-వుర్టెంబెర్గ్‌లో మున్సిపల్ ఎన్నికలు వస్తాయి, పోయినసారి 2024 జూన్‌లో అయ్యాయి కదా. గెమైండెరాట్‌కి, అంటే ఊరి కౌన్సిల్‌కి, మీ ఊళ్ళోనే నిలబడమనండి. ఇక్కడ పద్ధతి చాలా బాగుంటుంది, కౌన్సిల్‌లో ఎన్ని సీట్లుంటే అన్ని ఓట్లు చేతిలో ఉంటాయి, ఒకే మనిషికి మూడు దాకా వెయ్యొచ్చు, వేరే పార్టీ లిస్టులోంచి నచ్చిన పేరు తెచ్చి కలుపుకోవచ్చు. కాబట్టి లిస్టులో పద్నాలుగో పేరైనా సరే ఊళ్ళో జనం ఇష్టపడితే పైకొస్తుంది. అప్పటికి చదువూ అయిపోతుంది. అందులో గెలిచి కిండర్‌గార్టెన్ ఫీజు మీద, చెత్త బిన్‌ల మీద ఐదేళ్ళు వాదించాక కూడా ఇంకా ఎంపీ అవ్వాలనిపిస్తే అప్పుడు అది నిజమైన కోరిక, అప్పుడు నాకు మళ్ళీ రాయండి. అనిపించకపోతే లాయర్ అవుతుంది, నష్టం ఏముంది.

మీరు మాత్రం వచ్చే శనివారం సంతలో అమ్మాయి వాళ్ళ పార్టీ స్టాల్ దగ్గరకి వెళ్ళి పది నిమిషాలు నిలబడండి. ఏం మాట్లాడక్కర్లేదు. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళండి, వాళ్ళ కాఫీ దారుణంగా ఉంటుంది.

ఇక ఓటు. వెయ్యలేరు అన్నయ్య గారూ. బుండెస్టాగ్ ఎన్నికల్లో జర్మన్ పౌరులకే ఓటు. మున్సిపల్ ఎన్నికల్లో యూరోపియన్ యూనియన్ దేశాల వాళ్ళకి కూడా ఉంటుంది గానీ ఇండియన్ పాస్‌పోర్టుతో అక్కడా లేదు, పక్కింటి ఇటలీ ఆయన మీ అమ్మాయికి మూడు ఓట్లు వెయ్యగలడు, మీరు ఒక్కటి కూడా వెయ్యలేరు. 2024 జూన్ 27 నుంచి జర్మనీ పాత పాస్‌పోర్టు వదులుకోమని అడగట్లేదు, కానీ ఇండియా ఒప్పుకోదు, జర్మన్ పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే ఇండియన్‌ది పోతుంది, అది సరెండర్ చేసి ఓసీఐ (వేరే దేశం పౌరసత్వం ఉన్న భారత సంతతి వాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోవాలి. పొలం గురించి భయపడుతున్నారు కదా, ఓసీఐ మీద కొత్తగా వ్యవసాయ భూమి కొనుక్కోవడానికి లేదు, కానీ ఇప్పటికే మీ పేరున ఉన్నది పోదు, వారసత్వంగా వచ్చేదీ తీసుకోవచ్చు. అయినా పాస్‌బుక్ ఎవరి పేరున ఉంది, అన్నదమ్ముల పంపకాలు అయ్యాయా లేదా అన్నది ముందు చూసుకుని గుంటూరులో ఒక సివిల్ లాయర్‌ని అడిగి అప్పుడు అప్లికేషన్ పెట్టండి. ఇక్కడ ఆఫీసుల్లో పౌరసత్వం ఫైలు కదలడానికి ఏడాది పైన పట్టే ఊళ్ళు చాలా ఉన్నాయి, 2029 అనుకుంటే మరీ ఎక్కువ టైమేం లేదు.